టూటన్‌ఖామున్ బాహ్య శవపేటిక : పరిరక్షణ చరిత్రము

ప్రాచీన ఈజిప్టు జనులు తమ మృతులను ఉంచిన పేటికను మనము శవపేటిక అని తెలుగు చేయుచున్నాము. వారు పెట్టుకొన్న పేర్లు వేరు. అందొకటి ‘నెబ్ అన్ఖ్’. జీవమునకు అధిపతి అని దాని అర్థము. లోపలి పేటికకు ‘సుహెత్’ అను పేరు కలదు, అనగా గ్రుడ్డు. గ్రీకులు శవములనుంచు రాతిపేటికకు వాడిన ‘సార్కొఫగస్’ అను మాటకు మాంసభక్షకమని అర్థము. అదియే నేటికిని ఐరోపా భాషలలో నిలిచినది. మన శవపేటిక అను మాట గ్రీకు భావమునకు చేరువగ నున్నది గాని ఈజిప్టు భావమునకు కాదు. లోపల నున్నది శవమని మనము తలంచుచున్నాము. అది మరల పుట్టవలసిన ప్రాణి అని వారు తలంచిరి.

ఈ భేదము మాటలకు మాత్రమే సంబంధించినది కాదు. గ్రుడ్డు మూసియుండవలసిన వస్తువు. చీకటిలో, గాలి చొరని చోట, మానవదృష్టికి అందకుండ ఉండుటకై చేయబడిన దానిని వెలుతురులో, జనసమ్మర్దము నడుమ, అద్దముల వెనుక నిలుపుట ఎట్లు? నిలుపవలెనన్నచో దానియందు దేనిని కాపాడవలెను, దేనిని తొలగింపవలెను? రసాయనశాస్త్రము ఈ ప్రశ్నకు సగము సమాధానమే చెప్పగలదు. తక్కిన సగము చరిత్రకారుడు చెప్పవలసినది. అందుచే ఈ వ్యాసమున ఒక్క పేటికను తీసికొని దాని కథను విచారించుచున్నాను. అది క్రీ. పూ. 1323 ప్రాంతమున, ఇరువది యేండ్లయినను నిండక మరణించిన టూటన్‌ఖామున్ రాజుయొక్క మూడు శవపేటికలలో వెలుపలిది. అన్నిటికంటె లోపలిది సుమారు 110 కిలోగ్రాముల మేలిమి బంగారపు పేటిక; దాని ఖ్యాతి లోకమంతట వ్యాపించినది. వెలుపలి కఱ్ఱపేటికకు అంత ఖ్యాతి రాలేదు. కాని పరిరక్షణ చరిత్ర చదువువారికి బంగారముకంటె ఈ కఱ్ఱయే ఎక్కువ చెప్పును. బంగారము చెడదు, చెడని వస్తువునకు చరిత్ర తక్కువ.

ఈ పేటిక పొడవు సుమారు 2.24 మీటర్లు. సైప్రెస్సు కఱ్ఱతో చేసిరి. ఈజిప్టులో పెరుగు మేడిజాతి చెట్లు, తుమ్మలు మొదలగువాని నుండి పొడవైన పలకలు తీయుట కష్టము. కావున ధనికులకును రాజులకును కావలసిన మేలి కలప సముద్రము మీదుగా లెబనాను తీరమునుండి వచ్చెడిది. పేటిక ఒసైరిస్ దేవుని ఆకారమున నున్నది. చేతులు ఱొమ్ముపై అడ్డముగ చేర్చి, రాజచిహ్నములైన కొంకికఱ్ఱను, కొరడాను పట్టుకొన్నవి. నొసటిపై రాబందు, త్రాచు. దేహమంతయు ఈకల నమూనా. ఈకకు అరబ్బీలో ‘రీష’ అని పేరగుటచే పండితులు ఈ తరహా పేటికలను ‘రిషి’ పేటికలనుచున్నారు. (మన ఋషులకును దీనికిని సంబంధము లేదు, ఆంగ్లగ్రంథములలో ఈ మాట చూచి తొట్రుపడిన విద్యార్థులు కలరు గనుక చెప్పుచున్నాను.) ఒడలికి పలుచని బంగారపు తొడుగు వేసి, ముఖమునకును చేతులకును దళసరి రేకును వేరొక వన్నె బంగారముతో కూర్చిరి. మూతను ఎత్తుటకు వెండిపిడులు అమర్చిరి.

బంగారమునకును కఱ్ఱకును నడుమ నున్న పొరను గూర్చి కొంత విపులముగ చెప్పవలెను, ఏలయన చిక్కంతయు అందే కలదు. మెత్తని సుద్దను పశుచర్మములు కాచి తీసిన జిగురుతో కలిపి కఱ్ఱపై పూసి, ఆరిన పిదప నునుపు చేసి, దానిపై రేకు నంటించెడివారు. మన కొండపల్లి బొమ్మల పనివాండ్రు పొణికి కఱ్ఱపై తెల్లని పూత వేసి యెండిన పిమ్మటనే రంగు వేయుట చూచినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. కఱ్ఱ ప్రాణము పోయిన తరువాతను కదలుచుండును. గాలిలో తేమ హెచ్చినప్పుడు నారకు అడ్డముగ ఉబ్బును, తగ్గినప్పుడు క్రుంగును. నారవెంబడి దాదాపుగా కదలదు. సుద్దపూత అట్లు కదలనేరదు, పగులును. పగిలిన చోట జిగురు శక్తి సన్నగిల్లును. అప్పుడు బంగారము చెక్కుచెదరకయే, పూతతో గూడ పెంకువలె కఱ్ఱనుండి విడివడి నిలుచును. చూపునకు సంపూర్ణముగ కనుపించును. వ్రేలితో తాకినచో లోనికి క్రుంగి రాలును. కార్టరు ఈ సమాధిలోని బంగారు మందసములను విప్పుచు సరిగా ఈ స్థితినే వర్ణించెను. మూడువేల మూడువందల యేండ్లలో కఱ్ఱ క్రుంగినదనియు, పైనున్న బంగారుపూత క్రుంగలేదనియు, రెండింటి నడుమ ఖాళీ ఏర్పడినదనియు అతడు వ్రాసెను.

సమాధి బయటపడినది 1922 నవంబరు 4న. హొవార్డు కార్టరు పేరు అందఱెఱిగినదే. అంతగా ఎఱుగనివి ఆర్థర్ మేస్, ఆల్‌ఫ్రెడ్ లూకస్ అను వారి పేర్లు. మేస్ న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియమునకు చెందిన పురావస్తుజ్ఞుడు. లూకస్ రసాయనశాస్త్రజ్ఞుడు, ఈజిప్టు ప్రభుత్వోద్యోగి. ప్రాచీన ఈజిప్టు పదార్థములను, పరిశ్రమలను గూర్చి తరువాత అతడు వ్రాసిన గ్రంథము నేటికిని ప్రమాణము. వీరిరువురును దగ్గరనున్న రెండవ సేతి రాజు సమాధిని ప్రయోగశాలగా మార్చుకొనిరి. ఒక్కొక్క వస్తువును అచ్చటికి చేర్చి, హారీ బర్టన్ ఛాయాచిత్రము తీసిన పిదప, దానిని కైరో ప్రయాణమునకు తట్టుకొనునట్లు బలపరచిరి. వారి ముఖ్యసాధనములు రెండు: సెల్యులాయిడ్ ద్రావణము, కరగించిన పారఫిను మైనము. విడిపోవుచున్న పూసలపనికి, తోలునకు, బంగారుపూతకు, మైనమే దిక్కయ్యెను. అది లేకున్నచో అనేక వస్తువులు ప్రయోగశాల గుమ్మము దాటెడివి కావు. అయితే మైనమునకు దోషములు కలవు. వేడికి మెత్తబడి దుమ్మును పట్టును, కాలక్రమమున నల్లబడును, ఒకసారి లోనికి దిగినచో పూర్తిగ తీయుట దుస్తరము. పిమ్మట మరియొక జిగురు అచ్చట అంటదు. ‘మమ్మీ’ అను మాట శిలాజతువువంటి నల్లని పదార్థమునకు గల ‘మూమియా’ అను పేరునుండి వచ్చినది. ఆ మాటకు మూలము మైనమునకు పారసీకమున గల ‘మూమ్’ అందురు. మన హైదరాబాదు ‘మోంబత్తి’ ఆ కుటుంబములోనిదే. మమ్మీని కాపాడబోయినవారి చేతికి మైనమే దొరకుట భాషాచరిత్రలో ఒక వింత.

1924 ఫిబ్రవరి 12న రాతిపేటిక మూతను ఎత్తిరి. పేటిక పచ్చని క్వార్ట్‌జైటు శిల. మూత ఎఱ్ఱని గ్రానైటు, పేటికకు ఈడుగ రంగు పూసినది, నడుమ విరిగి అతికినది. లోపల నారవస్త్రముల క్రింద మన పేటిక కనబడెను. దాని నొసటి చిహ్నములచుట్టు చిన్న పూలదండ యొకటి ఉండెను. మరునాడే వివాదము పుట్టినది. తన సహచరుల భార్యలకు సమాధిని చూపుటకు ప్రభుత్వము అనుమతింపలేదని కార్టరు కినుకపూని పని నిలిపివేసి సమాధికి తాళము వేసెను. ఒక టన్నుకు మించిన బరువుగల విరిగిన మూత త్రాళ్లపై వ్రేలాడుచు, దాని క్రింద మూడువేల యేండ్ల పేటిక తెఱచియుండగా, దినములు గడచినవి. చివరకు ప్రభుత్వాధికారులు తలుపులు తెఱపించి మూతను దింపించిరి. పేటికకు హాని కలుగలేదు గాని వేరొక వస్తువు ఆ కలహమునకు బలియైనది. మందసముల నడుమ చట్రముపై పరచియుండిన పెద్ద నారవస్త్రమొకటి, దానిపై కుట్టిన పూతబంగారు పువ్వులతో సహా, ప్రయోగశాల వెలుపల మరమ్మతునకై ఉంచబడియుండెను. పట్టించుకొనువారు లేక ఎండకు గాలికి అది నశించెను. కార్టరు తప్పు ప్రభుత్వముదనెను. ప్రభుత్వపక్షమువారు పని విడిచిపోయినది అతడనిరి. ఇరుపక్షముల ఉత్తరప్రత్యుత్తరములు చదివినవారికి ఎవరిది సత్యమైనను ఒకటి స్పష్టమగును: పరిరక్షణ మధ్యలో ఆపదగిన పని కాదు. త్రవ్వకమును నేడు ఆపి వచ్చే యేడు చేయవచ్చును. సగము విప్పిన వస్త్రము వేచియుండదు.

కార్టరు 1925 ఆరంభమున తిరిగివచ్చెను. ఆ అక్టోబరున బాహ్యపేటిక మూత లేచెను. లోపలివాని బరువు ఊహకు మించియుండుటకు కారణము అప్పటికి తెలియలేదు. బంగారు పేటిక బయటపడినప్పుడు తెలిసెను. ఈ భారమంతయు సింహముఖములుగల పొట్టి మంచముపై నుండెను. ఆ మంచము అన్ని శతాబ్దములు ఆ బరువును మోసినది.

ఇచ్చట రెండు విషయములు మన విచారణకు ముఖ్యములు.

మొదటిది పేటిక పాదముల వద్ద నున్న గాటు. ఖననము నాడు మూడు పేటికలను రాతిపేటికలో దింపిన పిదప, బాహ్యపేటిక కాలివ్రేళ్ల భాగము రాతిమూతకు అడ్డు తగిలినది. వడ్రంగి దానిని చెక్కివేసెను. ఆ చెక్కపేళ్లు బంగారుపూతతో సహా రాతిపేటిక అడుగుననే పడియుండగా కార్టరు కనుగొనెను. రాజు అకస్మాత్తుగ మరణింపగా తొందరలో జరిగిన అంత్యక్రియలకు ఇంతకంటె మంచి సాక్ష్యము వేరొకటి లేదు. శాసనములు రాజును దేవునిగ కీర్తించుచున్నవి. చెక్కపేళ్లు మాత్రము కొలత తప్పినదని చెప్పుచున్నవి. చెక్కినవాడు క్రింద పడిన పేళ్లను ఏరుకొనలేదు. ఆ తొందరలో వాని ముఖము మనకు కొంత కనబడుచున్నది.

రెండవది తైలలేపనము. ఖననసమయమున పురోహితులు లోపలి పేటికపై సుగంధతైలములను, జిగటపదార్థములను ధారాళముగ పోసిరి. రెండు బక్కెట్లంత యుండునని కార్టరు అంచనా. అది కాలక్రమమున నల్లని గట్టి ముద్దగా మారి మూడవ పేటికను రెండవదానికి, మమ్మీని మూడవదానికి అంటించివేసెను. ఎండలో ఉంచినను కరగలేదు. కడకు బంగారు పేటిక లోపల జింకు రేకులు పరచి, పేటికలను తలక్రిందులుగ బల్లలపై నిలిపి, తడికంబళ్లతో కప్పి, పారఫిను దీపములతో దాదాపు 500 డిగ్రీల వేడి కలిగించిరి. కొన్ని గంటలకు రెండును నెమ్మదిగ విడివడినవి. మమ్మీ విషయమున ఇంతకంటె కఠినముగ ప్రవర్తించిరి. 1925 నవంబరున శరీరనిర్మాణ పండితుడు డగ్లస్ డెర్రీ, సాలెహ్ బే హమ్ది పరీక్ష జరిపినప్పుడు దేహమును ఖండములు చేయక బయటికి తీయలేకపోయిరి. పోసినవాని దృష్టిలో ఆ లేపనము పునర్జన్మకు సాధనము. తీసినవాని దృష్టిలో అది మురికి. నేటి పరిశోధకులు ఆనాడు కాల్చివేసిన, తుడిచివేసిన ఆ పదార్థముయొక్క తునుకలకై వెదకుచున్నారు. ఆ తైలములు ఏ దేశపు చెట్లనుండి వచ్చినవో, ఏ వర్తకమార్గమున వచ్చినవో చెప్పగలిగినవి అవియే. కార్టరును నిందించుట సులభము. అతనికి మరొక మార్గము తోచలేదు. మనకు తోచునా అనునది నిశ్చయముగ చెప్పలేము. అయినను మ్యూజియము కోరునది బంగారము, పోయినది క్రతువు అను మాట నిజము.

1926లో దేహమును ఇసుకపళ్లెములో అమర్చి, ఈ బాహ్యపేటికయందుంచి, తిరిగి రాతిపేటికలోనికి దింపిరి. పైన గాజుపలక. లోపలి పేటికలు రెండును కైరో చేరినవి. ఇట్లు మూడు పేటికలలో ఒక్కటి మాత్రము, రాజుతో సహా, తన స్థానముననే మిగిలినది. ఇది గౌరవముచేత జరిగినదే గాని పరిరక్షణకు అనుకూలము కాలేదు. మూసిన సమాధి శతాబ్దములపాటు ఒక్క తీరున నుండెను. తెఱచిన సమాధిలో ప్రతి యాత్రికుడును తన ఊపిరితో, చెమటతో తేమను మోసికొని వచ్చును. సాయంకాలము తలుపు మూయగానే అది తగ్గును. దినదినమును కఱ్ఱ ఉబ్బుచు, క్రుంగుచు నుండవలసివచ్చెను. ఎడారిధూళి సరేసరి. 2007 నవంబరు 4న, సమాధి బయటపడి 85 యేండ్లు నిండిన దినమున, మమ్మీని ఉష్ణమును తేమను అదుపులో నుంచు గాజుపెట్టెకు మార్చిరి. పేటిక రాతిపేటికలోనే ఖాళీగ నిలిచెను. గెట్టీ పరిరక్షణ సంస్థ ఈజిప్టు ప్రభుత్వముతో కలిసి 2009 మొదలు పదియేండ్లు ఆ సమాధిలో పనిచేసి, కుడ్యచిత్రములను బాగుచేసి, గాలి వచ్చిపోవు ఏర్పాటులు అమర్చెను. గోడలు మెరుగుపడినవి. పేటిక మాత్రము చీలుచునే యుండెను.

2019 జూలైలో దానిని సమాధినుండి తొలిసారిగ వెలికితీసి, అదురును అణచు ఏర్పాటులతో కట్టి, గీజాలోని గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియమునకు చేర్చిరి. అచ్చటి పరిరక్షణకేంద్రము 2010లోనే ఏర్పడినది. దానికి జపాను అంతర్జాతీయ సహకార సంస్థ శిక్షణ నిచ్చి తోడ్పడెను. మ్యూజియము ప్రజలకు తెఱువకముందే ప్రయోగశాల తెఱచుట మెచ్చదగిన క్రమము. సామాన్యముగ భవనము ముందు, ప్రయోగశాల చివర, డబ్బు మిగిలినచో. పేటికను మొదట వేరుగ నుంచి, క్రిమికీటకముల బాధ లేకుండ ధూమశుద్ధి చేసిరి. బంగారుపూతలో, ముఖ్యముగ మూతపైనను అడుగుభాగమునను, పగుళ్లు ఏర్పడియున్నవని ఈజిప్టు పురావస్తు మంత్రిత్వశాఖ ఆగస్టులో పత్రికలవారికి చూపి ప్రకటించెను.

ఇట్టి పనియందు నేడు అనుసరించు క్రమమును సంక్షేపముగ చెప్పెదను. మొదట చేతులు కట్టుకొని చూచుట. ప్రతి అంగుళమును ఛాయాచిత్రము తీసి, పగులు, బుడగ, పాత మరమ్మతు, మైనపు మరక ఎచ్చట నున్నదో పటముపై గుర్తింతురు. ఎక్స్‌కిరణములచే లోపలి కీళ్లు, చీలలు తెలియును. అతినీలలోహిత కాంతిలో పాత జిగురులు, వార్నీషులు వేర్వేరుగ మెఱయును. రంగులు వేసిన పేటికలలో మరియొక చమత్కారము కలదు: ఈజిప్టు నీలము అను కృత్రిమవర్ణముపై సామాన్యకాంతిని పడనిచ్చి పరారుణ కెమెరాతో చూచినచో, కంటికి కనబడనంత మాసిపోయిన చోటను ఆ నీలము తెల్లగ వెలుగును. తరువాత మెత్తని కుంచెతో, సన్నని చూషణనాళముతో దుమ్ము తీయుదురు. లేచిన పూతక్రిందికి సూదితో పలుచని జిగురును ఎక్కించి, దానిని మెత్తబరచి, మెల్లగ అదిమి, ఆరువఱకు పట్టియుంతురు. రాలనున్న భాగముపై పలుచని జపాను కాగితమును తాత్కాలికముగ అంటింతురు. ఒక చేతివెడల్పు స్థలమునకు దినములు పట్టుటయు కలదు. వాడిన జిగురును మరల కరగించి తీయుటకు వీలుండవలెననునది నియమము. లూకస్ మైనముతో నేర్పిన పాఠమిది.

ఆ నియమమును మరచినచో ఏమగునో 2014లో కైరోలో ఈ రాజుయొక్క బంగారు ముసుగే చూపినది. ముసుగు గడ్డము ఊడిపోగా, ఎపాక్సీ అను గట్టి జిగురుతో తొందరగ అతికిరి. అది ముఖముపైకి కారి గట్టిపడెను. 2015లో జర్మను పరిరక్షకుడు క్రిస్టియన్ ఎక్‌మన్ నాయకత్వమున కఱ్ఱ పనిముట్లతో ఆ జిగురును మెల్లమెల్లగ తొలగించి, గడ్డమును తేనెమైనముతో తిరిగి నిలిపిరి. ప్రాచీనులకు తెలిసిన జిగురు, వేడిచేసిన విడిపోవునది. అందుచే దానిని ఎంచుకొనిరి. మైనమంతయు చెడ్డదికాదని దీనివలన తెలియుచున్నది. పదార్థముకంటె సందర్భము ముఖ్యము.

మన భాషలో ఈ పనికి సరియైన పేరు ఏది? ‘జీర్ణోద్ధరణము’ అను మాట మనకు చిరపరిచితము. శాసనములలో ఎన్నియో ఆలయములకు జీర్ణోద్ధరణము జరిగినట్లు చదువుచున్నాము. కాని అచ్చట ఉద్దేశము వేరు. శిథిలమైన దానిని తొలగించి, పూర్వమువలె పూజకు అర్హమగునట్లు క్రొత్తగా నిలుపుట జీర్ణోద్ధరణము. విగ్రహము భిన్నమైనచో మార్చుటయే ధర్మము. మ్యూజియము పనియందు జీర్ణతయే కాపాడదగినది. టూటన్‌ఖామున్ పేటిక కాలివ్రేళ్లను క్రొత్త కఱ్ఱతో పూరించి బంగారము పూసినచో అది జీర్ణోద్ధరణము కావచ్చును. చరిత్రకు మాత్రము ద్రోహము. కావున ఈ అర్థమున పరిరక్షణము అను మాటయే వాడవలెనని నా అభిప్రాయము. పునరుద్ధరణము అనుటయు పొరపాటే; చెడిపోయినదానిని వెనుకకు తెచ్చుట ఎవరి వశముననులేదు.

శుభ్రపరచుటయందు గల అపాయమును తెలుపు మరియొక ఉదాహరణము ఇంగ్లండునందు కలదు. కేంబ్రిడ్జి ఫిట్జ్‌విలియం మ్యూజియమున నెస్పవెర్షెఫిత్ అను ఆలయోద్యోగి పేటికలు ఉన్నవి, క్రీ. పూ. 1000 ప్రాంతమువి. లోపలి పేటిక మూతపై వార్నీషు తడి ఆరకముందే పనివాడెవడో మూతను పట్టి జరపగా వాని వ్రేలిముద్రలు అందు నిలిచినవి. మూడువేల యేండ్ల తరువాత, 2005లో, పరిశీలకులు వానిని గుర్తించిరి. సి.టి. పరీక్షలో ఆ పేటిక కఱ్ఱలో కొంత అంతకుముందు మరియొక పేటికకు వాడినదని తేలెను. పచ్చబడిన వార్నీషును తుడిచి రంగులు తేటపరచుట పందొమ్మిదవ శతాబ్దపు వర్తకులకు పరిపాటి. ఆ మూతకును ఆ గతియే పట్టియున్నచో చిత్రములు మఱింత మెఱసియుండును. పనివాని చేయి పోయియుండును.

ఇక ప్రదర్శన విషయము. ఇది సులభము, అయినను ఖరీదైనది. తేమను నూటికి ఏబది శాతమునకు అటునిటుగ స్థిరముగ ఉంచవలెను. ఏ అంకె అనునదానికంటె స్థిరత్వమే ప్రధానము. రంగులుగల పేటికలకు వెలుతురును 50 లక్సులకు మించనీయరు, ఏలయన హరిదళము వంటి పసుపురంగులు వెలుతురుకు వివర్ణమగును. ఒకసారి పోయిన రంగు తిరిగిరాదు. బంగారమునకు ఆ భయము లేదు. కఱ్ఱకును దేహమునకును ప్రాణవాయువు లేని పెట్టె మిక్కిలి క్షేమము. కైరో మ్యూజియము రాజమమ్మీలకై గెట్టీ సంస్థవారు నైట్రొజను నింపిన పెట్టెల నమూనాను రూపొందించిరి. ఆ పరిశోధనఫలమే మనదేశమునకును అందినది: ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల ఆ సంస్థతో కలిసి చేసిన నైట్రొజను పెట్టెలలో 1994 నుండి మన రాజ్యాంగపు మూలప్రతులు పార్లమెంటు గ్రంథాలయమున భద్రముగ నున్నవి. ఫారోలను కాపాడు ఉపాయమే రాజ్యాంగమును కాపాడుచున్నది.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియమునందు నిజాముల కాలమున చేరిన ఈజిప్టు మమ్మీ యొకటి కలదని పాఠకులెఱుగుదురు. ఆ మ్యూజియము 1930లో స్థాపింపబడినది. 2016లో దానికి సి.టి. పరీక్ష జరిగినది. మన విద్యార్థులలో అనేకులు ఈజిప్టు నాగరకతను తొలిసారి చూచినది ఆ గదిలోనే. పెట్టె యెదుట నిలిచి ‘ఎన్ని వేల యేండ్లది?’ అని అడుగుదురు. ‘దీనిని ఎట్లు ఉంచుచున్నారు?’ అని అడిగినవారిని నేను చూడలేదు. మన విశ్వవిద్యాలయములలో శాసనములు చదువుట నేర్పుచున్నాము, తాళపత్రములు పరిష్కరించుట నేర్పుచున్నాము. ఆ రాగిరేకులను, ఆ తాటాకులను నిలుపు విద్యను వేరొకరి పనిగ భావించుచున్నాము. పైన చెప్పిన నారవస్త్రపు కథ ఇచ్చటను జరుగుచునే యున్నదేమో అను శంక నాకు కలదు.

2025 నవంబరు 1న గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియము పూర్తిగ ఆవిష్కరింపబడెను. 4వ తేదీ, అనగా సమాధి కనబడిన దినముననే, ప్రజలకు తెఱచిరి. అయిదువేలకు పైబడిన టూటన్‌ఖామున్ వస్తువులు ఒక్కచోట చేరినవి. పేటికలు మూడును విడివడి నూఱేండ్లయినది. నేడు ఒకే కప్పుక్రింద వేర్వేరుగ నిలిచియున్నవి. ఒకదానిలోనొకటి ఉండుటకు చేసినవానిని ప్రక్కప్రక్కల చూడవలసివచ్చినది. కొందఱు విమర్శకులు బాహ్యపేటికను సమాధినుండి తీయుటయే తప్పనిరి. వారి మాటను తేలికగ కొట్టివేయలేము. అది రాజువద్ద మిగిలిన కడపటి పేటిక. కాని ఆ గదిలో మరి యేబదియేండ్లు ఉండియున్నచో బంగారుపెంకు మాత్రమే మిగిలెడిది. తీయుటయే మేలని నేను తలంచుచున్నాను, సంతోషముతో కాదు.

రాజదేహము మాత్రము నేటికిని లక్సరులోని తన సమాధియందే, గాజుపెట్టెలో, నారగుడ్డ కప్పుకొని ముఖమును పాదములును కనబడునట్లు ఉన్నది. గీజాకు అచ్చటికి 500 కిలోమీటర్లకు పైన. క్వార్ట్‌జైటు రాతిపేటికయు కదలలేదు. దాని నాలుగు మూలల నలుగురు దేవతలు ఱెక్కలు చాచి దానిని కౌగిలించుకొని నిలిచియున్నారు. లోపల ఏమియు లేదు.